ఏజెన్సీ పిల్ల

హాజరు పుస్తకంలో
అందరి పేర్లూ సిరాతో ఉన్నాయి.
చిట్టచివర, గీత కింద, నాది పెన్సిల్‌తో.
పక్కన ఫోన్ నంబరు.
మొన్నెవరినో చెరిపిన మసక మీదే
నన్ను రాశారు.

"ఏజెన్సీ నుంచా?"
హెడ్ సిస్టర్ వరహాలమ్మ గారు అడిగింది.
ఔనన్నాను.
ఏ ఏజెన్సీయో నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.
విశాఖలో ఏసీ గదిలో కూచుని
నా జీతంలోంచి నెలకి మూడువేలు కోసేది ఒకటి.
సీతంపేట కొండమీద, పోడులో
మా అమ్మ చోళ్లు కోసేది ఒకటి.
రెండింటి నుంచీ వచ్చాను.
ఏదైతేనేం, ఆ మాట పలికేటప్పుడు
పెదవి ఒకేలా వంకర తిరుగుతుంది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు, రాత్రి డ్యూటీ.
నలుగురం. టీ గ్లాసులు మూడొచ్చాయి.
నాలుగో కుర్చీలో ఒక హ్యాండ్‌బ్యాగు కూచునుంది,
దాన్ని లేపమని ఎలా అడగను?
మంచాలు పంచారు.
వీపు పుండ్లు, ఆగని వాంతులు,
"దొంగ, దొంగ" అని గోడకేసి అరిచే ఆవిడ,
అన్నీ నా వరసలోకే.
"కుర్రదానివి కదా, తిరగ్గలవు."

సెలైన్ సెట్లెక్కడ సిస్టర్?
బీరువాలో.
తాళం?
"ఉంటాదిలే, సూడు."
మాటలు మళ్లీ పీఆర్సీ మీదికి,
ఎవరిదో గృహప్రవేశం మీదికి వెళ్లిపోయాయి.
సొరుగులన్నీ తీశాను.
ఒకదాన్నిండా ఎండిన జిగురు పట్టీలు,
ఒకదాన్లో సగం తిన్న బిస్కెట్లు.

"ఒలమ్మీ, ఇటు రా."
పదకొండో మంచం.
గనగళ్ల ఎర్రమ్మ, భావనపాడు.
కాళ్లలో నీరు, నలభై రోజులుగా ఇక్కడే.
"తాళం కేలెండరెనకాల మేకుకుంటాది.
సూదులు రెండో అరలోనున్నాయి.
ఆ మూల పెద్ద లైటెయ్యకు, ముసిల్దానికి కునుకు పట్టదు.
డాట్రుబాబు ఫోనెత్తకపోతే అప్పన్నని పంపు,
వాచ్‌మేనైతే ఏటి, ఆడి కేకకి ఎవుడైనా లేస్తాడు."
చెప్పేసి, అటు తిరిగి పడుకుంది.
వార్డంతా కంఠతా వచ్చిన మనిషి
బాత్‌రూముకి మాత్రం
నా భుజం పట్టుకు నడిచింది.

మూడుంబావుకి ఆయాసం వచ్చింది,
ఆవిడకే.
పెదాలు నల్లబడ్డాయి.
కేలెండరు, మేకు, తాళం, రెండో అర.
దిండు మీద దిండు వేసి కూచోబెట్టాను.
అప్పన్న కేక మూడంతస్తులకీ వినబడింది,
డాక్టరు చెప్పుల్లేకుండా వచ్చాడు.
వరహాలమ్మ గారు ఆక్సిజన్ తిప్పుతూ
"ట్యూబు పట్టు" అంది, పట్టాను.
ఆ నాలుగు నిమిషాలూ వార్డులో
ఎవరూ ఎక్కడి నుంచీ రాలేదు.
తర్వాత ఎవరి కుర్చీలోకి వాళ్లు వెళ్లిపోయారు.

తెల్లారుతుంటే ఎర్రమ్మ కళ్లు విప్పింది.
"రేపొస్తావేటి?"
నాకు తెలీదు.
రాజామో, టెక్కలో, అసలేమీ లేదో
రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో పడితేనే తెలుస్తుంది.
వస్తానని అబద్ధమాడటానికి నోరు రాలేదు.
దుప్పటి సర్దాను,
సర్దాల్సినదానికంటే ఎక్కువసేపు.

పాలకొండ బస్సులో కిటికీకి తలానించి నిద్రపోయాను.
ఆమదాలవలస దాటాక
నడుం దగ్గర ఏదో గుచ్చుకుంది.
జేబులో చెయ్యి పెట్టాను.
బీరువా తాళం.

అప్పుడే ఫోన్ మోగింది.
అవతల కాగితం తిప్పిన చప్పుడు,
కళ్లద్దాల కోసం తడుముకుంటున్న మౌనం.
"ఏమ్మా... నిమ్మక... రో... రోహిణి గారేనా?"

ఇంకా చెరపలేదన్నమాట.

దిగిపోయాను. కండక్టరు విసుక్కున్నాడు.
రోడ్డుకి అవతలి పక్క
శ్రీకాకుళం వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను.
ఒక పూట నిద్ర పోయింది,
రానూపోనూ టికెట్టు ఎవరిస్తారో తెలీదు.
రేపటి సంగతీ తెలీదు గానీ
ఇవాళైతే మళ్లీ వస్తున్నాను,
ఎర్రమ్మా.