మూడో నంబరు హెచ్చరిక

హార్బరులో మూడో నంబరు ఎగరేశారని
రేడియో కంటే ముందు
గంప దించుతూ పోలమ్మే చెప్పింది.
"గాలొచ్చీసరికి కరెంటెల్లిపోద్ది, నీ పెట్టె సంగతి సూసుకో అక్కా"
అని నాలుగు కవ్వలు ఎక్కువే వేసింది.

నా పెట్టె అంటే కంప్యూటరు.
జ్ఞానాపురంలో, రైలు పట్టాల వెనక వీధిలో,
కిటికీ మూసినా బొగ్గు దుమ్ము వచ్చి కూర్చునే బల్ల మీద.
కీబోర్డు తుడిస్తే గుడ్డ నల్లన.
వెనక స్క్రూ ముట్టుకుంటే వేలికి తుప్పు.
సముద్రం మా ఇంటికి కనబడదు గానీ
ఇనుముని మాత్రం రోజూ వచ్చి తిని పోతుంది.

ముందు మెయిళ్ళ ప్రోగ్రాం మూసెయ్యాలి.
తెరిచి ఉండగా కాపీ చేస్తే
సగంలో ఆగిన మాటలే వస్తాయని
పోయిన తుఫానులో నేర్చుకున్నాను,
పదకొండు నెలల ఉత్తరాలు ఫీజుగా కట్టి.

ఫోల్డరు లోపల ఫోల్డరు, దాని లోపల దాచిన ఇంకోటి.
దాని పేరు ఎనిమిది అక్షరాలు, ఏ భాషా కాదు.
మా వీధి వీధంతా ఆ పేరు కింద కాపురముంటోంది.

ఎర్రయ్య పాస్‌వర్డు ఆయన పడవ పేరు.
పడవ అమ్మేశాడు, పాస్‌వర్డు మార్చలేదు.
ఎస్తేరమ్మది పెళ్ళి తారీకు.
ఆ తారీకు తప్పంటాడు మొగుడు.
పెట్టె దగ్గర మాత్రం ఆవిడ మాటే చెల్లుతుంది.
వెతికే గడిలో 'ప' కొడితే చాలు,
'పక్షవాతం వచ్చినోళ్ళు మళ్ళీ మాట్లాడతారా' అని
మిగతాది అదే పూరిస్తుంది.
ఎవరడిగారో నాకు తెలుసు.
అడిగినట్టు ఆవిడ మర్చిపోతే బాగుణ్ణు.

పెన్‌డ్రైవు గుచ్చాను.
ఇంకా పదకొండు నిమిషాలంది.
కాసేపటికి రెండు గంటలంది.
అంతలోనే నలభై సెకన్లు.
ఇదీ వాతావరణ కేంద్రం వాళ్ళ పిల్లే కాబోలు:
కళింగపట్నం దగ్గర దాటుతుంది, కాదు కాకినాడ దగ్గర,
దాటేదాకా ఎవరికీ తెలీదు.

డ్రాఫ్టుల పెట్టె కూడా వెళ్తోంది.
పంపినవీ పంపనివీ కాపీకి ఒకటే.
అందులో సింహాచలం ఉత్తరముంది.
క్రేను కింద కుడిచేతి రెండు వేళ్ళు పోయాక
కంట్రాక్టరుకని చెప్పాడు, నేను కొట్టాను.
'అయ్యా' అని మొదలైంది,
మూడో వాక్యానికి 'నువ్వు' అయింది.
చదివి వినిపించాను.
చాలాసేపు గోడ మీద బల్లిని చూసి
"ఉండనీ అక్కా. పంపకు. తుడిపీకు కూడా" అన్నాడు.
పది రూపాయలు వద్దంటున్నా ఇచ్చాడు, ఎడంచేత్తో.
నాలుగేళ్ళయింది.

మధ్యాహ్నం అతనే వచ్చాడు
మా రేకుల మీద టార్పాలిన్ కట్టడానికి.
మిగిలిన మూడు వేళ్ళతో వేసిన ముడి
నా పదివేళ్ళకీ ఊడి రాలేదు.
దిగుతూ కిటికీలోంచి తెరకేసి చూశాడు.
"అందులో నాదీ ఉందేటి?"
"ఉంది."
"తడవదు గదా?"
"తడవదు."
పంపమని అంటాడేమో అనుకున్నాను.
నిచ్చెన భుజాన వేసుకుని పక్కింటికి పోయాడు.

తొంభై రెండు దగ్గర కరెంటు పోయింది.
ముసలి యూపీఎస్ మూడు కూతలు కూసి
నాలుగోది మింగేసింది.
వచ్చింది ఏదో, ఆగిపోయింది ఏదో, చూడ్డానికి దారి లేదు.
పెన్‌డ్రైవుని పాలిథిన్‌లో చుట్టి
బియ్యం డబ్బాలో చెయ్యి మణికట్టు దాకా దించి పాతాను,
ఉప్పు సీసాలో నాలుగు గింజలు వేసే ధైర్యంతోనే.

గాలి రేకుల్ని అడుగుతోంది ఏదో.
కొవ్వొత్తి పెట్టుకుని, ఎందుకైనా మంచిదని,
క్యాలెండరు వెనక పెన్సిలుతో రాస్తున్నాను:
పడవ పేరు. పెళ్ళి తారీకు.
గ్యాసు నంబర్లు, ఐటీఐ పిల్లల హాల్‌టిక్కెట్ల నంబర్లు గుర్తున్నంత వరకూ.
సింహాచలం దగ్గరికొచ్చేసరికి
పెన్సిలు కింద పెట్టేశాను.
ఆ మూడో వాక్యం నుంచి చివరిదాకా
నాకు నోటికొచ్చు.