గోరు

ట్యాంకర్ రాకముందే
బాలాపూర్ రోడ్డు మీద ఇటుకలు వరుస కడతయి.
ఒక్కో ఇటుక ఒక్కో ఇల్లు.
మాది మూల విరిగింది.
వాళ్ళది ఇటుక కూడ కాదు,
తెగిన హవాయి చెప్పు.

ఆ పొద్దు యాదమ్మత్త
ఆ చెప్పును కాలితోని మోరీలకు నూకింది.
"యాడియాడోల్లో వచ్చి మన నీళ్ళ మీద పడ్డరు."
నేను చూసిన.
బిందె మూతి తుడుస్తున్నట్టు
తల వంచుకొని చూసిన.

మోరీలకెల్లి చెప్పు తీసి
చున్నీ కొసకు తుడిచి
వరుస ఆఖర్ల పెట్టి నిలబడ్డది సెనోవారా.
ఎనిమిదో తరగతి, బీ సెక్షన్,
నా బెంచీనే.

తెల్లారి బళ్ళె నాతోని మాట్లాడలే.
నాకూ నోరు రాలే.
పగటి అన్నంల నా గుడ్డు ఆమె పళ్ళెంల పెట్టిన.
తినలే. తిరిగియ్యలే.
కాగితంల చుట్టి తమ్మునికి తీస్కపోయింది.

ఎన్ని గుడ్లయినంకనో, ఒక ఐతారం
వాళ్ళింటికి రమ్మన్నది.
వెదురు, తాడు, చుట్టూ ఫ్లెక్సీ.
గోడంత తెలుగే.
ఒక దిక్కు ఎవరిదో పుట్టినరోజు, సగం మీసం,
ఇంకో దిక్కు ప్లాట్ల అడ్వటైజు.
రిజిస్టర్ల పేరెక్కక ముందే
పండుకొని, కాళ్ళ కాడికెల్లి తలకాయ దాక
ఈ గోడలే చదివిందట.

"మీ... సొం... తిం... టి... కల.
ఏందిది?"
"అప్నా ఘర్" అన్న.
"ఓ, గోర్!" అన్నది.
"గోరా?"
నేను నా వేలు చూపిచ్చిన.
వాళ్ళ భాషల ఇల్లు
మా భాషల వేలి చివర ఇంతంత.

పొయ్యి కాడ వాళ్ళమ్మ కూడ నవ్వింది.
సెనోవారా నా వేలు ఇడవలే.
"ఎర్రగ ఏంది?"
"గోరింట."
గోడ దిక్కు చూసింది, మళ్ళ నా గోరు దిక్కు.
"గోర్... ఇంట...
రెండుసార్లు ఇల్లా!"
పదమూడేండ్లు పెట్టుకున్న గోరింటాకు
నాకెన్నడు ఇట్ల ఇరగలే.

"మాది రెండుసార్లు కాలింది" అన్నదప్పుడు వాళ్ళమ్మ, ఉర్దూల,
ఉప్పెక్కువైందని చెప్పినట్టు.
"ఆడోసారి. ఈడోసారి."
"గోరు కోస్తే మళ్ళొస్తది గద" అన్న.
అని నాలిక కర్సుకున్న.
మళ్ళొచ్చేది గోరే,
వేలు కాదు.
ఎవరు మాట్లాడలే.
గాలికి ఫ్లెక్సీ మీసం ఒకటే కదిలింది.

మల్ల ట్యాంకరొచ్చే పొద్దు
మా ఇటుక మీద ఆమె చెప్పు పెట్టిన.
యాదమ్మత్త చూసింది.
చెప్పును తన్నుడు అలక,
ఇటుకను తంతే కాలు నొస్తది.
ఏమనలే.
అన్నదేమో, పైపు చప్పుడుల ఇనరాలే.

బిందె సగమే నిండిందేందని
ఇంటికాడ అమ్మ అడిగింది.
తొవ్వల ఒలికిందన్న.
నా చెయ్యి దిక్కు చూసి
ఇంకేం అడగలే.