బొబ్బట్టు బరువు

వంటింటి త్రాసు మీద నిలబడదు.
పిండి తూచే పళ్ళెంలోంచి ఒక్క గెంతు,
అంకెలు రెండున్నరకీ మూడుకీ మధ్య
కంగారుగా ఆడి ఆరిపోతాయి.

మేధ పెట్టిన పేరు, బొబ్బట్టు.
పెనం మీద కాలిన పసుపు రంగు,
నేలకి పరుచుకునే తీరు.
తెచ్చిన రోజు అరచేతిలో సగం.
ఇప్పుడు సోఫా కింద దూరలేక
నడుం దగ్గర ఆగి మావైపు చూస్తుంది,
తప్పు సోఫాదే అన్నట్టు.

ఎంత ఉండాలి మరి?
డండీలో వాన విడవని శనివారం
అట్టపెట్టెకి కన్నాలు పొడిచి బస్సెక్కించాం.
ఐలీ అనే నర్సు త్రాసు వైపు చూడనే లేదు.
"ఏ జాతో తెలియని కుందేలుకి
అంకె ఏం చెబుతుంది? చెయ్యి ఇటివ్వండి."

నా వేళ్ళు పట్టుకుని బొచ్చులోకి దించింది.
పైనున్నది కోటు, అది అబద్ధమాడుతుంది,
చలికాలం ఇంకాస్త ఎక్కువ.
కిందికి వెళ్ళండి.
పక్కటెముకలు తగలాలి, గుచ్చుకోకూడదు.
వెన్నుకి ఆమె ఏదో పోలిక చెప్పింది,
నాకు వినపడింది మాత్రం
మెత్తటి గుడ్డలో మూటగట్టిన చింతగింజలు.

వెతికాను.
మెత్తన. ఇంకా మెత్తన.
నానిన శనగపప్పులో
జారిన ఉంగరం కోసం దేవుతున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ.
బుధవారం సంతలో కోడిని తలకిందులుగా పట్టి
రొమ్ము మీద ఈకలు ఉఫ్‌మని ఊది
బొటనవేలితో ఒక్క నొక్కు.
"బొమికలే, పో" అనేది అమ్మేవాడితో.
ఆ వేలే నాకొచ్చింది,
ప్రశ్న మాత్రం తిరగబడింది.

"ఏం పెడుతున్నారు?"
గడ్డి, అన్నాను. గడ్డే, అంది మా ఆవిడ.
మేధ బల్ల అంచు గోకుతోంది.
గదిలో బొబ్బట్టు నోరొక్కటే ఆడుతోంది.

"రోజుకి నాలుగు కిస్‌మిస్‌లు" మేధ, ముందుగా.
"అరటిపండు చివరి ముక్క" మా ఆవిడ,
"దానికి మాత్రం నోరు లేదా!"
ఇక నా వంతు.
పార్సిళ్ళ గోదాములో రాత్రి డ్యూటీ దిగి
నాలుగింటికి ఇల్లు చేరితే
మేలుకుని ఉండే ప్రాణి అదొక్కటే.
ఓట్స్ బిస్కెట్టు. సగం నాకు, సగం దానికి.
ఎన్నాళ్ళుగా?
అక్టోబరు నుంచి.

ఐలీ నవ్వలేదు, తిట్టలేదు.
"ఒక్కసారిగా కడుపు మాడ్చకండి,
కుందేలు పేగు అలిగితే ప్రమాదం" అంది.
ఎండుగడ్డి దాని ఒంటంత,
ఆకులు గుప్పెడు, గింజలు చెంచాడు.
బిస్కెట్ల గురించి ఏమీ రాయలేదు.
రాయక్కర్లేదనుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం
ముగ్గురం వరసగా చేతులు పెట్టి చూస్తాం.
మే నెల మూడో వారం
మేధ కళ్ళు మూసుకునే
"నాన్నా, ఇక్కడొకటుంది" అంది,
నా వేలు లాక్కెళ్ళింది.
ఉంది. సన్నగా, ఈనెపుల్లలా,
ఒకే ఒక్క పక్కటెముక.

తెల్లారగట్ల నాలుగింటికి
ఇంకా వంటింటి గుమ్మంలోనే కూర్చుంటుంది.
డబ్బా తెరవను.
బూట్లు విప్పకుండానే కింద చతికిలబడి
గుప్పెడు ఎండుగడ్డి చాపుతాను.
మూతి తిప్పుకుంటుంది.
కాసేపటికి,
నా మొహం చూసి కాబోలు, తింటుంది.