కనీసం

ఏర్పేడు దాటే రైలు
దగ్గరికొచ్చేప్పుడు కీచుమని,
పోయేప్పుడు బొంగురుగా కూస్తుంది.
నా నక్షత్రమూ అంతే.
రెండు గంటల పదిహేడు నిమిషాలకోసారి
దాని హైడ్రోజన్ గీత నీలం వైపు జరిగి,
ఎరుపు వైపు జరిగి, మళ్ళీ మొదటికొస్తుంది.
సెకనుకు మూడొందల కిలోమీటర్ల పరుగు.

ఎవరో తిప్పుతున్నారు దాన్ని.

ముప్పై వేల డిగ్రీల ఒళ్ళు.
పైబట్టంతా ఎప్పుడో విడిచిచ్చేసి
హీలియం మంటొక్కటే మిగుల్చుకున్న చిన్న నక్షత్రం.
దూరం నుంచి ఒంటరిదనే అనిపిస్తుంది.
ఒంటరిది ఊగదు.
పక్కన ఎర్ర మరుగుజ్జు ఉండుంటే
ఈ సెగకి దాని చెంప ఒకటి కాగి వెలిగేది,
వెలుగు గీతలో చుట్టుకొక మిట్ట లేచేది.
మిట్ట లేదు.
నక్షత్రమే కోడిగుడ్డులా సాగి
చుట్టుకు రెండుసార్లు మినుకుతోంది.
అంతలా లాగుతూ, అంత చీకటిగా ఉండేది ఏది?
తెల్ల మరుగుజ్జా, న్యూట్రాన్ నక్షత్రమా, లేక
ఆ మూడోదాని పేరు పైకి అనలేదు.
కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

ఆ వారమే కాళహస్తి బస్సు దిగబోయి
మెట్టు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నా.
బస్సులో సగంమంది రాహుకేతు పూజ చేయించుకొని వస్తున్నవాళ్ళు.
నన్ను లేపినామె ఒళ్ళో కొబ్బరిచిప్ప నాకే ఇచ్చి
"ఏ గ్రహం పట్టిందో సూపించుకో పాపా" అంది.
"అదే చూస్తున్నానమ్మా, మూడేళ్ళుగా."

పుత్తూరు.
కట్లు కట్టే ఎల్లమరాజు ఎక్స్‌రే కవరు తెరవలేదు.
కళ్ళు గోడ మీది క్యాలెండరుకి అప్పజెప్పి
బొటనవేలితో నా చేతిని నిదానంగా చదివాడు.
"చెయ్యి చూడవా?"
"సూస్తే వాపు కనపడతాది. ఇరిగింది వాపు కాదు గదా."
నేను అరిచిన చోట ఆగాడు.
"ఈడుండాది."
పసరు, వెదురు బద్దలు, చింపిన పాత పంచె.
గిన్నె అంచుకి కొట్టి కోడిగుడ్డు పగలగొట్టాడు.
నా నక్షత్రం పగిలినట్టు ఉలిక్కిపడ్డాను.
"ఎంత విరిగింది?"
"ఇంతకు తక్కువ లేదు. ఎక్కువుంటే నీ నొప్పే చెప్తాది."

ఆ రాత్రి ఎడంచేత్తో ఒక్కో అక్షరం కొడుతూ
ఇదే మాట లెక్కలో మళ్ళీ చూశాను.
ఆ కక్ష్య ఎటు వాలిందో నాకు తెలీదు.
అంచు నుంచి చూస్తున్నట్టయితే తోడు తేలిక.
భోజనం పళ్ళెంలా మా వైపు తెరుచుకుని ఉంటే
ఇదే ఊపుకి ఇంకెంతో బరువు కావాలి.
లెక్క ఇచ్చేది అడుగు హద్దొక్కటే,
సూర్యుడిలో ముప్పావుకు తక్కువ కాదని.
పై హద్దు చీకట్లోనే ఉంది.

హేమాద్రి సారు ఫోన్లో అన్నారు:
"తెల్ల మరుగుజ్జే అయ్యుంటుంది, మునిరత్నా. ఆశ పెట్టుకోకు."
ఆశ ఎక్కడ విరిగిందో నాకూ తెలీదు.
పట్టి చూడ్డానికి వేలు ఆనే చోటు లేదు.

తెల్లవారుజామున కట్టు లోపల దురద.
గోకలేని చోట, బద్దల కింద, ఎక్కడో.
అతుక్కునేప్పుడు అట్లనే ఉంటుందని
ఎల్లమరాజు ముందే చెప్పాడు.
తెర మీద మొదటి వాక్యం సగం అయింది:
"ఈ కనిపించని తోడు బరువు, కనీసం"
అక్కడే చెయ్యి ఆపి
దురద ఎటు జరుగుతుందో చూస్తున్నాను.