ఆరో ఆల్బమ్

తొమ్మిదేళ్లు ఆగాం.
ఆ తొమ్మిదేళ్లలో
ఇల్పో రెండు పళ్లూ ఒక పెళ్లీ పోగొట్టుకున్నాడు,
కాగితం మిల్లు మూడు షిఫ్టుల నుంచి ఒకటికి దిగింది,
నా నడినెత్తి తెల్లజెండా ఎత్తేసింది.
హల్లాకిర్వెస్, అంటే మంచుగొడ్డలి,
ఆ నలుగురూ మాత్రం
ఇదిగో వస్తున్నాం అదిగో వస్తున్నాం అంటూనే ఉన్నారు.

వచ్చింది చివరికి.
నవంబరు శుక్రవారం, మూడింటికే చీకటి,
కెమి రేవు పక్కన తౌనో దుకాణం ముందు
ఇరవై ముగ్గురం.
తోలు కోటు మీద ఉన్ని కోటు,
ఒక్కో నోటి నుంచీ ఒక్కో పొయ్యి పొగ.

వెనక గదిలో రికార్డు మీద సూది దించాడు తౌనో.
మొదట గాలి. బాగుంది.
దూరంగా ఒక గంట. బాగుంది.
ఇక గిటారు విరుచుకుపడుతుందని
మెడలన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే
పియానో వచ్చింది.
పులుసులో చేపముక్క కోసం వేలు పెడితే
సొరకాయ తగిలినట్టు.

ఎవరూ ఎవరి మొహమూ చూళ్లేదు.
రెండో పాటలో డ్రమ్ములు బిస్కెట్ డబ్బా మూతలు.
మూడోది ఎందుకుందో చేసినవాళ్లకే తెలియాలి.
నాలుగో పాటలో,
అయిదు ఆల్బములపాటు గొంతులో గులకరాళ్లు నూరిన యోర్మా
పాడాడు.
నిజంగానే పాడాడు. మాటలు అర్థమయ్యాయి.
అసలు దెబ్బ అదే.
వాళ్ల నాన్న పడవ అమ్మేసిన రోజు సంగతట.
ఇన్నాళ్లూ వాడు నరకం గురించి అరుస్తున్నాడనుకున్నాం.

ఇల్పో లేచి కోటు గుండీలు పెట్టుకోవడం మొదలెట్టాడు.
"నేను పోయాననుకుని చేశారా దీన్ని?" అన్నాడు.
రికార్డింగ్ శుభ్రంగా ఉందిగా అన్నాడు కుర్ర ఒస్మో.
శుభ్రం కావాలంటే ఆస్పత్రికి పో అని మూల నుంచి ఎవరో.
రెండో ఆల్బమ్ తర్వాతదంతా అంగట్లో సరుకేనని ఒకడు,
మొదటి క్యాసెట్టు విననివాడితో మాటలేంటని ఇంకొకడు.
ఆ క్యాసెట్టు నలభయ్యే చేశారు.
విన్నామన్నవాళ్లు మా ఊళ్లోనే మూడొందలు.
జిహ్వకో రుచి, సరే,
చెవికి మాత్రం అందరం ఒకే రుచి రాసిచ్చుకున్నట్టు
ఎంత పౌరుషం!

హిల్లేవి ఏమీ అనలేదు.
ముప్పయ్యేళ్లు మిల్లులో రోలర్ల పక్కన నిలబడి
పైస్వరాలన్నీ ఆ యంత్రాలకే కట్నాలుగా చదివించుకున్న మనిషి.
గిటారు గీరల్లో సగం
ఆమెకు పెదాలు కదలడమే తప్ప మాట వినపడని కబుర్లు.
అయినా ప్రతి కచేరీకీ వచ్చేది,
స్పీకరుకు అరచెయ్యి ఆనించి నిలబడేది.
అట్ట వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.
"ఈసారి నాకు అన్నీ వినపడ్డాయి" అంది,
అవసరమైనదానికంటే కాస్త గట్టిగా,
ఎప్పుడూ మాట్లాడినట్టే.

ఇల్పో చేతిలో ఆఖరి గుండీ ఆగిపోయింది.
తౌనో వెళ్లి ఆ మొహం లేని పాటే మళ్లీ పెట్టాడు.
కాఫీ కప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

సోమవారం నా కాపీ నాలుగు యూరోలకు అమ్మేశాను.
పదిహేడు యూరోలు పెట్టి కొన్నది.
హిల్లేవి అన్నమాట నన్నేమీ మార్చలేదు,
మారిస్తే కథ బాగుండేది.

కాకపోతే పోయిన ఫిబ్రవరిలో,
తెల్లారి నాలుగింటికి మంచు తోసే బండి నడుపుతున్నా.
మైనస్ ముప్పయి. రోడ్డు మీద నేనూ, నా పసుప్పచ్చ దీపమూ.
రేడియోలో యోర్మా.
పడవ కొన్నవాడు తాడు విప్పుతున్నాడు,
వీడి నాన్న ముడి ఎలా వెయ్యాలో వాడికి చూపిస్తున్నాడు.
ఆ ముడి దగ్గర
బండి రెండు నిమిషాలు ఆపాల్సొచ్చింది.
అద్దం మంచు పట్టిందని రిజిస్టర్లో రాశాను.

ఇల్పోకి చెప్పలేదు.
చెప్పను కూడా.
పియానో మాత్రం అనవసరం.