ఏడో గుంట

తక్కినవన్నీ మాఫీ.
మూడోదాని పక్కన సర్కారుతుమ్మ ముళ్ళూ
ఐదోదానికి అడ్డంగా పడుకునే బర్రెలూ
ఎప్పుడో మర్చిపోయాను.
ఏడోది మాత్రం
రాత్రి రెండింటికి భుజం తట్టి లేపుతుంది.

చీమకుర్తిలో గోల్ఫ్ ఆడతామంటే
ఒంగోలు వాళ్ళు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వేవాళ్ళు.
నవ్వరూ మరి!
రాయి అయిపోయిన క్వారీ చుట్టూ
తొమ్మిది గుంటలు, తొమ్మిది జెండాలు.
గడ్డి మొలవని చోట ఇసకలో కాలిన ఆయిలు కలిపి
చదును చేసి, దాన్నే పచ్చిక అనుకున్నాం.
నల్లటి పచ్చిక.

నేను కాటా గుమస్తాని.
రాయి కొనడానికొచ్చిన ఇటలీ ఆయన
వెళ్తూ వెళ్తూ వదిలేసిన మూడు కర్రలు నావి.
ఐదో నంబరు, ఏడో నంబరు, ఇంకోటి వంకరది.

పిడికిలి పట్టేంత గుంటలో బంతి వేయాలంటే
ముందు ఊరు పట్టేంత గుంట దాటాలి.
నూట నలభై గజాల నీళ్ళు,
నీళ్ళు కూడా కాదు, లోతు.
అవతలి గట్టు మీద జెండా
ఎవరో ఆరేసి మర్చిపోయిన జేబురుమాలంత.
నాలుగు దాటితే కొత్తపట్నం వైపు నుంచి గాలి
ఎదురొచ్చి, బంతిని నడిగాల్లో నిలబెట్టి
ఏ ఊరు, ఎవరి తాలూకని అడిగేది.
చెప్పలేక అది దూకేసేది.

"బుడుంగ్" అనేవాడు మస్తాన్‌వలి, పడకముందే.
నా సంచీ మోసేవాడు గానీ పరువు మోసేవాడు కాదు.
"ఆ గుంటకి నువ్వేందో బాకీ ఉన్నావన్నా."

ఉన్నాను.
పద్దెనిమిదేళ్ళు అందులోంచి పైకొచ్చిన ప్రతి బండనీ
తూకమేసి పుస్తకంలో ఎక్కించింది నేనే.
నల్లరాతి నిండా మినుకుమనే చుక్కలు,
లారీకి రెండు,
ఏ దేశంలో ఎవరి వంటగట్టుకో, ఎవరి సమాధికో.
ఒక్కపూట లారీలో రాయి రాలేదు.
కంప్రెసరు ఏసోబుని తెచ్చారు, గోనెపట్టా కప్పి.
కాటా దాటకుండా బయటికి దారి లేదు.
ముల్లు కదిలింది.
నేను రాయలేదు.

ఒకసారి దాటాను.
శుక్రవారం, మస్తాన్‌వలి నమాజుకి పోయాడు.
ఏడో నంబరు కర్రకి బంతి తగిలినట్టే లేదు,
చేతులకి అసలేమీ తెలియలేదు.
గాలి ఆ పూట ఏ ప్రశ్నా అడగలేదు.
గట్టంచుని తాకి, ఎగిరి,
జెండాకి రెండు మూరల్లో ఆగింది.
చుట్టూ చూశాను. ఒక బర్రె.
ఆ రెండు మూరలకి
వంకరకర్రతో నాలుగు దెబ్బలు పట్టింది నాకు.
బర్రె అదీ చూసింది.

పోయిన వేసవిలో నీళ్ళు తోడేశారు,
అడుగున ఇంకా రాయి ఉందట.
మూడో మెట్టు మీద, బురదలో,
కొంగ గుడ్లలా నా బంతులు,
ఒక్కోదాని మీదా నా నీలిపెన్సిలు చుక్క.
చాలామటుకు అవతలి గోడ కిందే,
మనిషెత్తు తక్కువలో.
మనిషెత్తు!
గాలినెందుకు తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ?

మస్తాన్‌వలి అన్నీ ఏరి గోనెసంచిలో పోశాడు.
రెండొందల పదకొండు.
"తూకమేద్దామా అన్నా?" అని
కాటా మీద దింపి పక్కకి తప్పుకున్నాడు.

ముల్లు కదల్లేదు.

అలవాటు కొద్దీ
చెవి మీది పెన్సిలు తీశాను.