నక్కో

ఆదోని జిన్నింగు మిల్లులో
పత్తి ఏరి ఏరి
గొంతు నిండా దూది దుమ్ము నింపుకున్న మనిషి
మా నానీ పీరాంబీ.
ఆ గొంతులోంచి వచ్చే మాట
సగం ఉర్దూ, పావు తెలుగు, ఇంకో పావు కన్నడం,
లెక్క సరిపోయినాక కూడా మిగిలేది
ఉల్లికారం.

ఉర్దూ బడిలో ఖయ్యూం సారు
నా అరచేతి మీద రూళ్లకర్రతో దిద్దించినాడు.
"నక్కో కాదు, నహీఁ.
హౌ కాదు, జీ హాఁ.
అది భాష కాదురా, సంతలో చిల్లర."
ఆ దెబ్బలు ఇంటికి మోసుకొచ్చి
నానీకి ఇచ్చినాను:
హైదరాబాదు చుట్టాలొచ్చినప్పుడు
నువ్వు వంటింట్లోనే ఉండు, నోరు తెరవద్దు.
"హౌ" అనింది.
నాలిక కరుచుకొని
"జీ హాఁ" అనింది.
ఒక మనిషి అంత చిన్నగైపోవడం
నేను మళ్లీ చూడలేదు.

ఇరవై యేండ్లు.
ఇప్పుడు మా తబ్రేజ్ లుంగీ ఎగ్గట్టి
ఫోను ముందర "కైకు రే?" అంటే
లక్షమంది నవ్వుతాండారు.
ఖయ్యూం సారు మనవడు కూడా షేర్ చేసినాడు.
ఆ నవ్వు మాటను చూసా, మాట్లాడేటోళ్లను చూసా
అడగాలని ఉంటాది. అడగను.
నేనూ నవ్వినాను గదా.

మొన్న యూనివర్సిటీ నుంచి ఒకాయన
రికార్డరు పట్టుకొని వచ్చినాడు.
"మీ 'బోల్కె' ఉంది చూడండీ,
తెలుగు 'అని'కి లుంగీ కట్టినట్టే!" అని మురిసిపోయినాడు.
యిడ్డిష్ అని ఇంకొకటుందంట యాడనో,
దాన్ని మాట్లాడేటోళ్లే వంకర మాట అనుకునేటోళ్లంట,
ఇప్పుడు పిల్లోళ్లు ఫీజు కట్టి నేర్చుకుంటాండారంట.
నానీ అంతా విని
"మరి వాళ్ల ముసిలోళ్లు ఏమైనారు?" అనింది.
ఆయన పెన్ను మూత తీసినాడు,
పెట్టినాడు, మళ్లీ తీసినాడు.

"మీ మాటలో ఏమన్నా చెప్పండి నానీ."
నానీ ముసుగు సర్దుకొని
వీపు నిటారు చేసుకొని
ఖయ్యూం సారు కూడా తప్పు పట్టలేని ఉర్దూలో
"తష్రీఫ్ రఖియే, జనాబ్" అని మొదలుపెట్టింది.
గంటసేపు.
ఒక్క నక్కో దొర్లలేదు.
యాడ నేర్చుకునిందో,
ఎన్ని రాత్రులు దుప్పట్లో
పలికి పలికి చూసుకునిందో.

ఆయన ఉత్త చేతుల్తో ఆటో ఎక్కినాడు.
ఆరబోసిన బుడ్డల్లో మేక మూతి పెట్టింది.
అప్పుడు వినాల మా నానీని!
దాని అమ్మమ్మను, దాని గడ్డాన్ని,
దాన్ని అమ్మిన కటిక బుడాన్‌ను
ఎవర్నీ వదల్లేదు.
నేను మెల్లగా ఫోను పైకెత్తినాను.
నానీ నా పక్కకు తిరిగింది.

"నక్కో" అనింది.

ఫోను జేబులో పెట్టుకొని
మేకను తోలను పోయినాను.